పద్నాలుగు ఊచల ముఖం

జపాన్ కత్తిసాము అయిన కెండో శిరస్త్రాణం కనిపిస్తే ఒకసారి దాని ఊచలు లెక్కపెట్టండి. పెద్దవాళ్లు తొడుక్కునే దానికి సాధారణంగా అడ్డంగా పద్నాలుగు ఉంటాయి, వాటిని నడిమికి పట్టి ఉంచుతూ నిలువునా ఒకటి. ఇంకాస్త పరకాయించి చూస్తే పైనుంచి ఆరో ఊచకీ ఏడో ఊచకీ మధ్య సందు మిగతా సందుల కంటే కొంచెం ఎక్కువగా తెరుచుకుని ఉంటుంది. జపనీయులు ఆ సందును 'మోనోమి' అంటారు. చూసే చోటు అని అర్థం. తొడుక్కున్న మనిషి లోకాన్ని చూసేది అందులోంచే.

కెండో నేర్చుకునేవాళ్లు సొంత శిరస్త్రాణం కొనే రోజు వచ్చేసరికి ముందుగా అడిగే ప్రశ్న: ఊచలు డ్యురాలుమిన్‌వి తీసుకోవాలా, టైటానియంవా? ధరలో తేడా చిన్నది కాదు కాబట్టి అడగాల్సిందే. కానీ ఆ లోహాల కంటే ముందు తేలాల్సిన సంగతి ఒకటుంది. ఎదుటివాడి వెదురు కర్ర లోపలికి రాకూడదు, చూపు బయటికి పోవాలి. రెండూ ఒకే ముఖం మీద ఎలా కుదురుతాయి? ఈ ఊచల చరిత్ర అక్కడే మొదలైంది.

శిరస్త్రాణం మొత్తాన్ని 'మెన్' అంటారు. ఆ మాటకు ముఖమనే అర్థం. ఊచల చట్రం 'మెన్‌గానే', అంటే ముఖలోహం. యుద్ధాల కాలంలో సమురాయ్‌లకు ముఖకవచాలు లేకపోలేదు. మెన్‌పో అనే ఆ కవచం మామూలుగా ముక్కు నుంచి గడ్డం దాకా కప్పి, కళ్లను వదిలేసేది. రణరంగంలో అది చాలు. రోజూ పొద్దున్నే తోటి శిష్యుడు ఎదురుగా నిలబడి నెత్తిన కొట్టే సాధనకు అది పనికిరాదు. అసలు అలాంటి సాధనే అప్పట్లో లేదు. కొయ్యకత్తులు పట్టుకుని, ఎవరు ఎప్పుడు ఏ వేటు వేయాలో ముందే నిర్ణయించుకున్న 'కతా' వరసలు చేసేవారు. వేటు చర్మానికి బెత్తెడు ఇవతల ఆగిపోవాలి. ఆగకపోతే ఎముక విరుగుతుంది. 16వ శతాబ్దంలో కామిఇజుమి నొబుత్సునా అనే గురువు వెదురును చీల్చి తోలు సంచిలో బిగించిన కర్రను వాడుకలోకి తెచ్చాడంటారు. దెబ్బ తీవ్రత తగ్గింది. ముఖం మాత్రం అలాగే బయట ఉంది.

తొకుగవా పాలన మొదలై వందేళ్లు దాటేసరికి జపాన్‌లో యుద్ధాల్లేవు, యోధులు మాత్రం మిగిలారు. నడుముకు కత్తి ఉంది, దాన్ని దూసే అవసరం రాలేదు. షోతొకు యుగంలో (1711–1716) నగనుమా షిరోజాఎమోన్ కునిసతో అనే గురువు రక్షణ సామగ్రిని రూపొందించి, వెదురు కత్తితో నేరుగా కొట్టుకునే సాధనను స్థిరపరిచాడు. నేటి కెండోకు ప్రత్యక్ష మూలం అదేనని అఖిల జపాన్ కెండో సమాఖ్య చెబుతుంది. తర్వాత హొరెకి యుగంలో (1751–1764) నకనిషి చూజో త్సుగుతకే ఇనుప మెన్‌నూ, వెదురుతో చేసిన కవచాన్నీ తన శిక్షణలోకి తెచ్చాడు. కొద్దికాలంలోనే ఆ పద్ధతి ఎన్నో శిక్షణశాలలకు పాకింది. నా దృష్టిలో ఈ కథలో అసలు మలుపు ఈ ఇనుప చట్రమే. అది ముఖాన్ని కాపాడటంతో ఆగలేదు, ఎదుటివాడి చేతికి స్వేచ్ఛనిచ్చింది. బెత్తెడు దూరంలో ఆగాల్సిన వేటు ఇక ఆగనక్కర్లేదు. మనిషి తన బలమంతా పెట్టి కొట్టవచ్చు, కొట్టించుకున్నవాడు లేచి మళ్లీ నిలబడవచ్చు.

అందరూ దీన్ని మెచ్చలేదు. నకనిషి పరంపరలోనే తెరదా మునెఅరి అనే శిష్యుడు కవచాల సాధన నచ్చక వేరే గురువును వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. ఏళ్ల తర్వాత తిరిగి వచ్చినా కొయ్యకత్తిని వదల్లేదు. ఆయన గురించి ఒక కథ చెప్పుకుంటారు. కవచం తొడుక్కున్న ఒక శిష్యుణ్ణి పిలిచి, నన్ను కొట్టగలిగితే కొట్టమన్నాడట. తన ఒంటి మీద ఏ రక్షణా లేదు, చేతిలో కొయ్యకత్తి ఒక్కటే. శిష్యుడు ఎక్కడ కొట్టాలని తలపెట్టినా, అటు నుంచి వస్తే ఇలా అడ్డుకుంటానని తెరదా ముందే చెప్పేవాడట. చివరికి ఆ కుర్రాడు కదల్లేకపోయాడు. ఈ కథ చదివినప్పుడల్లా నాకు తెరదా మీద గౌరవం పెరుగుతుంది. అయినా నా మొగ్గు ఇనుప ఊచల వైపే. తెరదా వంటివారు తరానికి ఒకరు పుడతారు. మిగతావాళ్లకు నేర్చుకోవడానికి దెబ్బలు కావాలి, దెబ్బలు తిన్నాక కళ్లు మిగలాలి.

ఊచలకు గట్టి పరీక్ష పెట్టేది వేటు కాదు, పోటు. నెత్తి మీద పడే వేటును చాలావరకు పైనున్న మందపాటి నూలు దిండే మింగేస్తుంది. గొంతుకు గురిపెట్టిన పోటు తప్పితే కర్ర మొన సూటిగా వచ్చి ఊచల మీద పడుతుంది. 1830లలో క్యూషూలోని యనగవా సంస్థానం నుంచి ఒయిషి సుసుము అనే యోధుడు ఎదో (నేటి టోక్యో) నగరానికి వచ్చాడు. పొడగరి. ఆయన చేతిలోని వెదురు కత్తి పొడవు ఐదు షకూలు దాటి ఉండేది, అంటే దాదాపు 160 సెంటీమీటర్లు. దాంతో ఒంటిచేత్తో పోటు పొడుస్తుంటే పేరుమోసిన శిక్షణశాలలు తడబడ్డాయి. 1856లో ప్రభుత్వం తెరిచిన కోబుషో సైనిక శిక్షణాలయం కర్ర పొడవును మూడు షకూల ఎనిమిది సన్‌లకు, సుమారు 115 సెంటీమీటర్లకు, కట్టడి చేసింది. నేటి కొలతలకు దగ్గరి పూర్వరూపం అదే.

ఆ తర్వాతి వందేళ్లలో ఊచల కంటే ఎక్కువగా మారింది కెండో బతుకు. సమురాయ్ వ్యవస్థ కూలిపోయి యోధులకు కూడు కరువైన రోజుల్లో, 1873లో, సకకిబరా కెంకిచి టికెట్లు పెట్టి కత్తిసాము ప్రదర్శనలు జరిపించాడు. 1895లో దై నిప్పోన్ బుతొకుకాయ్ సంస్థ ఏర్పడి ఆ విద్యను మళ్లీ గౌరవాసనం మీద కూర్చోబెట్టింది. 1945 ఓటమి తర్వాత ఆక్రమిత జపాన్‌లో కెండో మీద ఆంక్షలు పడ్డాయి. అప్పుడు సైనిక వాసన లేని క్రీడగా 'షినాయ్ క్యోగి'ని ముందుకు తెచ్చారు. అందులో తొడుక్కున్నది ఫెన్సింగ్ ముసుగు లాంటి జల్లెడ. ఊచల ముఖం కొంతకాలం తెరమరుగైంది. 1952లో అఖిల జపాన్ కెండో సమాఖ్య ఏర్పడ్డాక అది తిరిగి వచ్చింది.

ఇక లోహాల సంగతి. ఇనుము గట్టిది, చవక. కానీ ఘన సెంటీమీటరుకు 7.8 గ్రాముల బరువు, పైగా చెమట తగిలితే తుప్పు. ముఖానికి బెత్తెడు దూరంలో రెండు గంటలపాటు ఊపిరి, చెమట తగులుతూ ఉండే వస్తువుకు ఇది చిన్న లోపం కాదు. మన పూజాసామాను కొట్లలో దొరికే జర్మన్ సిల్వర్‌తోనూ ఊచలు చేశారు. రాగి, నికెల్, జింకు కలిసిన ఆ లోహంలో వెండి రవ్వంత కూడా ఉండదు. తుప్పు బాధ తప్పింది గానీ బరువు ఇనుము కంటే ఎక్కువే.

బరువు తగ్గించింది విమానాల లోహం. జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ 1906లో ఒక సంగతి గమనించాడు. అల్యూమినియంలో కాస్త రాగి, మెగ్నీషియం కలిపి, కాల్చి చల్లార్చి కొన్ని రోజులు వదిలేస్తే దానంతట అదే గట్టిపడుతోంది. అదే డ్యురాలుమిన్. జపాన్‌లో సుమితొమో సంస్థలో ఇగరషి ఇసాము బృందం 1936లో ఈ జాతిలోనే ఇంకా బలమైన మిశ్రమాన్ని తయారుచేసింది. జీరో యుద్ధవిమానం రెక్కల దూలాలు దాంతోనే చేశారు. ఘన సెంటీమీటరుకు 2.8 గ్రాములే బరువున్న ఈ కుటుంబపు లోహం శాంతికాలంలో కెండోకారుల ముఖం ముందుకు వచ్చింది. అదే చట్రం ఇనుముతో పోస్తే దాదాపు మూడు రెట్లు తూగుతుంది.

టైటానియం బరువులో ఇనుముకీ డ్యురాలుమిన్‌కీ నడుమ నిలుస్తుంది, 4.5 గ్రాములు. చెమట దాన్ని ఏమీ చేయలేదు, దెబ్బకు సులువుగా వంగదు. అంత బలముంది కాబట్టి ఊచను సన్నగా చేయవచ్చు, అలా బరువులో కొంత వెనక్కి రాబట్టవచ్చు. ధర ఎందుకంత? ఖనిజం అరుదై కాదు. భీమునిపట్నం, కళింగపట్నం తీరాల్లో నల్లగా మెరిసే ఇసుకలో ఉన్న ఇల్మెనైట్ టైటానియం ఖనిజమే. కష్టమంతా దాన్ని లోహంగా విడదీయడంలో ఉంది. విలియం క్రోల్ 1930లలో, 40లలో ఆ దారి చూపేదాకా టైటానియం ప్రయోగశాలల్లోనే ఉండిపోయింది. లోహం చేతికొచ్చాక కూడా ఎర్రగా కాలితే గాలిలోని ఆక్సిజన్‌నూ నైట్రోజన్‌నూ పీల్చుకుని పెళుసెక్కుతుంది. అందుకే ఆర్గాన్ వాయువు చాటున వెల్డింగ్ చేయాలి. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని మిధాని లోహ సంస్థలో టైటానియం మిశ్రమాలతో పనిచేసేవారిని అడిగితే ఈ పేచీలన్నీ చెబుతారు.

మరి ఏది కొనాలి? తేలికైనదే మేలని కళ్లు మూసుకుని చెప్పలేం. మెడకు తేలిక మేలు, ముఖ్యంగా వయసు మీరాక. కెండోలో ఎనిమిదో దాన్ (శ్రేణి) పరీక్షకు కూర్చోవాలంటేనే 46 ఏళ్లు నిండాలి, డెబ్బై దాటినా సాధన చేసేవారు ఉన్నారు. కానీ తల మీద ఉన్న వస్తువు ఎంత తేలికైతే అదే దెబ్బకు అది అంత ఎక్కువగా కదులుతుంది. కాస్త బరువుంటే కుదుపు తగ్గుతుంది. రోజూ గట్టిగా దెబ్బలు తినే కళాశాల కుర్రాడికి టైటానియం ఇచ్చే గట్టిదనం నచ్చవచ్చు. వారానికి రెండు రోజులు వెళ్లే ఉద్యోగికి మంచి డ్యురాలుమిన్ చాలు. ఇద్దరికీ నేను చెప్పేది ఒక్కటే: లోహం కంటే ముందు సందు చూడండి. మోనోమి కళ్లకు ఎదురుగా రాకపోతే గడ్డం పైకి లేస్తుంది లేదా తల వంగుతుంది, దాంతో నిలబడే తీరంతా చెడుతుంది. ఎంత ఖరీదైన టైటానియమైనా దాన్ని సరిచేయలేదు.

ఏ లోహమూ ఆపలేని అపాయం ఒకటుంది. వెదురు కత్తి నాలుగు బద్దల కట్ట. నిండు కర్ర మొన ఊచల మధ్య దూరదు. పెద్దల పోటీల్లో పురుషుల కర్ర మొన కనీసం 26 మిల్లీమీటర్ల మందం ఉండాలని నియమం. విరిగిన బద్ద పేలిక మాత్రం దూరగలదు. 1982లో రోమ్‌లో ప్రపంచ ఫెన్సింగ్ పోటీల్లో విరిగిన కత్తి ముసుగు జల్లెడను చీల్చుకుని పోవడంతో సోవియట్ విజేత వ్లదిమీర్ స్మిర్నోవ్ ప్రాణాలు కోల్పోయాడు. తర్వాత ఫెన్సింగ్ తన ముసుగుల్నీ కత్తి ఉక్కునూ గట్టిపరిచింది. కెండోలో మాత్రం భద్రత భారం చాలావరకు కర్ర పట్టినవాడి మీదే ఉంది. సాధనకు ముందు బద్దలు తడిమి చూడాలి, పేలికలు గీకేయాలి, చీలినదాన్ని పక్కన పడేయాలి. నా ఊచలు నీ కర్రను నమ్ముకుని ఉంటాయి. 2020లో కరోనా వచ్చినప్పుడు ఊచల లోపల పారదర్శక ప్లాస్టిక్ తెర కూడా చేరింది. అప్పుడు భయపడింది కర్రకు కాదు, ఎదుటివాడి అరుపుతో వచ్చే తుంపరలకు.

చాలా మెన్‌లలో ఊచల లోపలి వైపు ఎర్ర రంగు ఉంటుంది. అంత దగ్గరున్న ఎరుపు తొడుక్కున్నవాడికి కనిపిస్తూనే ఉండాలి కదా అనిపిస్తుంది. కానీ కంటికి బెత్తెడు లోపున్న సన్నని ఊచ మీద చూపు నిలవదు. దూరంగా చూస్తున్నంతసేపు అది మసకబారి, ఉందో లేదో తెలియనట్టు ఉంటుంది. ఎదుటివాణ్ణి దూరపు కొండను చూసినట్టు చూడమని కెండో గురువులు చెబుతారు. 'ఎంజాన్ నో మెత్సుకే' అంటారు దాన్ని. వాడి కర్ర మొన మీదా కాదు, మణికట్టు మీదా కాదు, మొత్తం మనిషి మీద చూపు నిలపాలి. అలా నిలిచినంతసేపు పద్నాలుగు ఊచలూ కరిగిపోతాయి. ఊచల్ని చూద్దామని చూపు దగ్గరికి లాక్కున్న క్షణాన ఎదుటివాడు మసకబారతాడు.