అయినవారి పద్దు, కానివారి బాకీ: కంపెనీ లెక్కల్లో వెల్లడి నిబంధనల చరిత్ర

వ్యాససంగ్రహం:

కంపెనీల వార్షిక లెక్కలకు అనుబంధంగా ఉండే గమనికల్లో రెండు అంశాలు చరిత్రదృష్టితో చదవదగినవి. యాజమాన్యంతో సంబంధం ఉన్నవారితో జరిపిన లావాదేవీల వివరం మొదటిది. చిన్న సరఫరాదారులకు చెల్లించవలసి ఉన్న బాకీల వివరం రెండవది. భారతదేశంలో ఈ రెండు వెల్లడులు ఏ పరిస్థితుల్లో పుట్టాయో, కాలక్రమంలో ఏ మార్పులు పొందాయో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. 'బంధువు', 'సరఫరాదారు' అనే మాటలకు చట్టం ఇచ్చిన నిర్వచనాలే వెల్లడి పరిధిని నిర్ణయించాయని ఈ పరిశీలన నిరూపిస్తుంది.

కీలకపదాలు: కంపెనీ చట్టం, సంబంధిత పక్షాలు, మేనేజింగ్ ఏజెన్సీ, సత్యం, చిన్న పరిశ్రమలు, చెల్లింపుల జాప్యం.

1. ఉపోద్ఘాతం:

'అయినవారికి ఆకుల్లో, కానివారికి కంచాల్లో' అని తెలుగు సామెత. సొంతవారిని చిన్నచూపు చూసి పరాయివారిని ఆదరించే తీరును అది ఎత్తిపొడుస్తుంది. కంపెనీల చరిత్రలో కనిపించేది దీనికి తలకిందులైన స్థితి. అక్కడ కంచాలు అయినవారికే దక్కాయి. సరుకు ఇచ్చిన పరాయివాడు ఆకు కోసం నెలల తరబడి ఎదురుచూశాడు. కంపెనీ సొమ్ము వాటాదారులందరి సొమ్ము. దానిని ఖర్చుపెట్టే అధికారం మాత్రం కొద్దిమంది చేతిలో ఉంటుంది. ఆ కొద్దిమంది ఎవరికి, ఎంత, ఎప్పుడు చెల్లించారన్న ప్రశ్నకు జవాబు రాబట్టడానికి చట్టం చేసిన ప్రయత్నమే వెల్లడి నిబంధనల చరిత్ర.

లెక్కల శాస్త్రం ఈ రెండు వెల్లడులను వేరువేరు అధ్యాయాలుగా బోధిస్తుంది. చరిత్రలో మాత్రం అవి ఒకే చోట మొదలయ్యాయి.

2. సరఫరాదారే అయినవాడైనప్పుడు:

1854లో బ్రిటన్ ప్రభువుల సభ ఆబర్డీన్ రైల్వే కంపెనీకి, బ్లేకీ బ్రదర్స్ అనే సంస్థకు మధ్య వచ్చిన వివాదంలో తీర్పు చెప్పింది. రైలు పట్టాలను పట్టి ఉంచే ఇనుప 'చైర్ల' సరఫరాకు రైల్వే కంపెనీ ఆ సంస్థతో ఒప్పందం చేసుకుంది. ఒప్పందం నాటికి రైల్వే కంపెనీ బోర్డు అధ్యక్షుడే సరఫరా సంస్థలో భాగస్వామి. ధర న్యాయమైనదా కాదా అన్న విచారణలోకి న్యాయస్థానం వెళ్లలేదు. కంపెనీ పక్షాన బేరమాడవలసిన వ్యక్తి అవతలి పక్షాన కూడా ఉన్నాడు కనుక, ఆ ఒప్పందానికి కంపెనీ కట్టుబడనవసరం లేదని తేల్చింది.

ధర్మకర్తకు వర్తించే కఠిన నియమాన్నే ఈ తీర్పు డైరెక్టరుకూ వర్తింపజేసింది. అయితే ఆచరణలో ఈ కాఠిన్యం నిలవలేదు. డైరెక్టరు తన ప్రయోజనాన్ని ముందే చెప్పి, తక్కినవారి సమ్మతి పొందితే ఒప్పందం చెల్లుతుందని కంపెనీలు తమ నియమావళుల్లో రాసుకోసాగాయి. నిషేధం స్థానంలోకి వెల్లడి వచ్చి చేరింది. తరువాతి చట్టాలన్నీ నడిచింది ఈ రెండవ దారిలోనే.

3. మేనేజింగ్ ఏజెన్సీల కాలం:

భారతదేశంలో ఈ సమస్య మేనేజింగ్ ఏజెన్సీల రూపంలో పెరిగింది. 1834లో ద్వారకానాథ్ ఠాగూర్ భాగస్వామిగా కలకత్తాలో ఏర్పడిన కార్, ఠాగూర్ అండ్ కంపెనీని ఈ పద్ధతికి తొలి ఉదాహరణల్లో ఒకటిగా చరిత్రకారులు పేర్కొంటారు. ఒక వ్యాపార సంస్థ అనేక కంపెనీలను స్థాపించి, దీర్ఘకాల ఒప్పందాలతో వాటి నిర్వహణను తన చేతిలో ఉంచుకునేది. ఆండ్రూ యూల్, బర్డ్ వంటి సంస్థల కింద జనపనార మిల్లులూ బొగ్గు గనులూ పక్కపక్కనే ఉండేవి. గని కంపెనీ తరఫున బొగ్గు అమ్మేదీ, మిల్లు తరఫున కొనేదీ ఒకే ఏజెంటు అయినప్పుడు ధర ఎవరి మేలు కోసం నిర్ణయమైందో బయటి వాటాదారుకు తెలిసే మార్గం ఉండేది కాదు. అమ్మకం మీద, కొనుగోలు మీద కమీషను తీసుకునే ఏజెంట్లకు లాభనష్టాలతో నిమిత్తం లేకుండా ఆదాయం వచ్చేది.

1913 కంపెనీల చట్టానికి 1936లో చేసిన సవరణ ఏజెంట్ల పదవీకాలాన్ని 20 ఏళ్లకు పరిమితం చేసింది. ప్రతిఫలాన్ని నికర లాభంతో ముడిపెట్టింది. స్వాతంత్ర్యానంతరం సి.హెచ్. భాభా అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1952లో నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా 1956 కంపెనీల చట్టం వచ్చింది. చివరకు 1970 ఏప్రిల్ 3 నుంచి మేనేజింగ్ ఏజెన్సీ పద్ధతి రద్దయింది. వ్యవస్థ పోయినా ఒకే కుటుంబం చేతిలో అనేక కంపెనీలు ఉండే స్థితి పోలేదు. అందుచేత ప్రశ్న కూడా మిగిలే ఉంది.

4. రిజిస్టరు నుంచి గమనికకు:

1956 చట్టం డైరెక్టర్ల ప్రయోజనాలను మూడు సెక్షన్లలో పట్టుకోజూసింది. 297వ సెక్షను కొన్ని ఒప్పందాలకు బోర్డు సమ్మతి కావాలన్నది. 299వ సెక్షను డైరెక్టరు తన ప్రయోజనాన్ని బోర్డుకు తెలపాలన్నది. 301వ సెక్షను అటువంటి ఒప్పందాలను ఒక రిజిస్టరులో నమోదు చేయాలన్నది. అయితే 297వ సెక్షను పరిధిలోకి డైరెక్టరు, అతని బంధువు, వారి భాగస్వామ్య సంస్థలు, ప్రైవేటు కంపెనీలు మాత్రమే వచ్చాయి. రెండు పబ్లిక్ కంపెనీల మధ్య ఒప్పందం దానికి వెలుపలే ఉండిపోయింది. రిజిస్టరు కూడా కంపెనీ నమోదిత కార్యాలయంలో ఉండేది. వాటాదారు అక్కడికి వెళ్లి అడిగితే చూపేవారు. హైదరాబాదు కంపెనీలో వాటా కొన్న తెనాలి మదుపరికి ఆ హక్కు ఎంతవరకు అక్కరకు వచ్చిందో ఊహించవచ్చు.

అంతర్జాతీయ లెక్కల ప్రమాణాల సంఘం 1984లో తన 24వ ప్రమాణాన్ని ప్రకటించి, సంబంధిత పక్షాల వివరాన్ని వార్షిక లెక్కల్లోనే ఇవ్వాలని నిర్దేశించింది. భారత చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ రూపొందించిన 18వ ప్రమాణం 2001 ఏప్రిల్ 1న గానీ, ఆ తరువాత గానీ మొదలయ్యే ఆర్థిక సంవత్సరాలకు వర్తించింది. రిజిస్టరులో ఉన్న సమాచారం ఈ మార్పుతో వాటాదారు ఇంటికి చేరే నివేదికలోకి వచ్చింది. ఎవరితో సంబంధం, అది ఏ రకమైనది, లావాదేవీ విలువ ఎంత, సంవత్సరాంతానికి ఎంత మిగిలింది అన్నవి చెప్పక తప్పని వివరాలయ్యాయి.

5. బంధువు ఎవరు?

వెల్లడి పరిధి నిర్వచనం మీద ఆధారపడుతుంది. 1956 చట్టం అవిభక్త హిందూ కుటుంబ సభ్యులతో, భార్యాభర్తలతో పాటు ఒక జాబితాలోని వారిని కూడా బంధువులుగా గుర్తించింది. 1965 సవరణ తరువాత ఆ జాబితాలో 22 వరసలు ఉన్నాయి. తాతలు, అవ్వలు, మనుమలు, మనుమరాళ్లు, వదిన మరదళ్లు, అక్కచెల్లెళ్ల భర్తలు అందులోని వారే. 2013 చట్టం కింద వచ్చిన నియమాలు ఈ జాబితాను బాగా కుదించాయి. తల్లిదండ్రులు, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, తోబుట్టువులు మాత్రమే మిగిలారు.

తెలుగు బంధుత్వ వ్యవస్థ దృష్టితో ఈ జాబితాలను చదివితే ఒక ఖాళీ కనిపిస్తుంది. కుటుంబ వ్యాపారంలో తరచు తోడు నిలిచే మేనమామ, మేనల్లుడు, భార్య అన్నదమ్ములు, వియ్యంకుడు ఈ రెండు జాబితాల్లోనూ లేరు. మేనల్లుడు మేనల్లుడుగా ఉన్నంతకాలం చట్టం దృష్టిలో బంధువు కాడు. మేనరికం జరిగి అల్లుడైన నాడు అవుతాడు. ఒకే మనిషితో, ఒకే ధరకు జరిగిన లావాదేవీ పెళ్లికి ముందు గమనికకు వెలుపల, పెళ్లి తరువాత లోపల ఉంటుందన్నమాట.

ఈ ఖాళీని సెబీ కొంతవరకు పూరించింది. 2021 సవరణ ద్వారా, 2022 ఏప్రిల్ 1 నుంచి, నమోదిత కంపెనీల ప్రమోటరు బృందంలోని వారందరూ సంబంధిత పక్షాలయ్యారు. ప్రమోటరు జీవిత భాగస్వామి తోబుట్టువులు ఆ బృందంలో భాగం కనుక బావమరిది ఆ విధంగా లెక్కలోకి వచ్చాడు. మేనమామ, వియ్యంకుడు కేవలం బంధుత్వం కారణంగా ఇప్పటికీ రారు. స్టాకు మార్కెట్లో నమోదు కాని కంపెనీలకు ఈ విస్తరణ వర్తించదు.

6. సత్యం ఉదంతం:

2008 డిసెంబరు 16న హైదరాబాదు కేంద్రంగా ఉన్న సత్యం కంప్యూటర్ సర్వీసెస్ బోర్డు, మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రా సంస్థలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనడానికి ఆమోదం తెలిపింది. మేటాస్ సంస్థలు ఛైర్మన్ బి. రామలింగరాజు కుటుంబానివి. పేరులోనే 'సత్యం' ఆంగ్ల అక్షరాలు వెనుకనుంచి చదివితే వచ్చే క్రమం ఉంది. అప్పటికి సత్యంలో ప్రమోటర్ల వాటా పది శాతానికి లోపు. తమకు తక్కువ వాటా ఉన్న సంస్థ నుంచి, ఎక్కువ ప్రయోజనం ఉన్న సంస్థలకు సొమ్ము తరలుతున్నదని మదుపరులు భావించారు. గంటల వ్యవధిలో ప్రతిపాదన వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

2009 జనవరి 7న రామలింగరాజు రాసిన లేఖ అసలు విషయాన్ని బయటపెట్టింది. లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో రూ. 5,040 కోట్లు లేవు. తాను సమకూర్చినట్లు చెప్పిన రూ. 1,230 కోట్ల బాధ్యత లెక్కల్లో చూపలేదు. లేని ఆస్తుల స్థానంలో నిజమైన ఆస్తులను నింపడానికి చేసిన చివరి ప్రయత్నమే మేటాస్ ఒప్పందమని ఆయన పేర్కొన్నారు. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం ఆయనతో సహా పదిమందిని దోషులుగా నిర్ధారించింది.

ఈ ఉదంతాన్ని వెల్లడి విఫలమైన సందర్భంగా మాత్రమే చూడడం సరికాదు. మేటాస్‌తో ఉన్న సంబంధం అందరికీ తెలుసు. తెలిసినందువల్లనే ఒప్పందం ఆగింది, ఆగినందువల్లనే మోసం బయటపడింది. విఫలమైనవి నగదు నిల్వల తనిఖీ, బోర్డు పర్యవేక్షణ. ఈ అనుభవం తరువాత వచ్చిన 2013 చట్టం 188వ సెక్షను వెల్లడికి మరో మెట్టు చేర్చింది. పరిమితి దాటిన సంబంధిత లావాదేవీకి వాటాదారుల తీర్మానం కావాలి. ఆ లావాదేవీతో సంబంధం ఉన్న వాటాదారు ఆ తీర్మానంపై ఓటు వేయరాదు. పరాయివారితో జరిపినట్లే, మామూలు వ్యాపారంలో భాగంగా జరిపిన లావాదేవీలకు మాత్రం మినహాయింపు ఉంది. ఏది మామూలు, ఏది కాదు అన్న నిర్ణయం మళ్లీ కంపెనీ చేతిలోనే మొదలవుతుంది.

7. చిన్న సరఫరాదారు: పేరు నుంచి మొత్తానికి:

రెండవ వెల్లడి చరిత్ర ఇంతగా ప్రచారం పొందలేదు. 1993లో చిన్నతరహా, అనుబంధ పరిశ్రమలకు చెల్లింపుల జాప్యంపై వడ్డీ చట్టం వచ్చింది. చెల్లించని మొత్తాన్ని వడ్డీతో సహా వార్షిక లెక్కల్లో చూపాలని అది నిర్దేశించింది. 1999లో కంపెనీల చట్టం ఆరవ షెడ్యూలును సవరించి, లక్ష రూపాయలకు మించి, 30 రోజులు దాటి బాకీ ఉన్న చిన్న పరిశ్రమల పేర్లను కూడా ప్రకటించాలన్నారు. ఆ కొద్ది సంవత్సరాల వార్షిక నివేదికల్లో అచ్చులు పోసేవారు, బోల్టులు చేసేవారు, అట్టపెట్టెలు కట్టేవారు పేర్లతో కనిపిస్తారు.

2006 అక్టోబరు 2న అమలులోకి వచ్చిన సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం రక్షణను పెంచింది. ఒప్పందం ఏదైనా 45 రోజులకు మించి గడువు ఉండరాదు. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలవారీ చక్రవడ్డీ చెల్లించాలి. ఈ బాకీలనూ వడ్డీలనూ 22వ సెక్షను ప్రకారం లెక్కల్లో చూపాలి. కానీ ఈ కొత్త పద్ధతిలో పేర్లు పోయి మొత్తాలు మిగిలాయి. 2019 నుంచి 45 రోజులు దాటిన బాకీలపై ఆరునెలలకొకసారి ఇచ్చే నివేదికలో సరఫరాదారుల పేర్లు మళ్లీ వచ్చాయి. అయితే అది కంపెనీల రిజిస్ట్రారుకు చేరే పత్రం. వాటాదారు చదివే లెక్కల్లో భాగం కాదు.

2021 ఏప్రిల్ 1 నుంచి అమలైన మూడవ షెడ్యూలు సవరణ బాకీలను వయసు వారీగా చూపమన్నది. చెల్లింపు గడువు తేదీ నుంచి లెక్కించే ఆ పట్టికలో తొలి గడి 'ఒక సంవత్సరం లోపు'. చట్టం గడువును రోజుల్లో కొలిస్తే పట్టిక ఆలస్యాన్ని సంవత్సరాల్లో కొలుస్తున్నది. గడువు దాటి పది రోజులైన బాకీ, పది నెలలైన బాకీ ఒకే గడిలో పడతాయి. కార్మికులకు వారంవారం కూలి చెల్లించవలసిన చిన్న యజమానికి ఆ రెండింటి మధ్య తేడా కార్ఖానా నడవడానికీ మూతపడడానికీ మధ్య తేడా కావచ్చు.

ఈ గమనికల్లో తరచు 'కంపెనీ వద్ద ఉన్న సమాచారం మేరకు' అన్న మాట కనిపిస్తుంది. తాను చిన్న పరిశ్రమనని సరఫరాదారు తెలియజేస్తేనే అతని బాకీ ఆ వరుసలో చేరుతుంది. వడ్డీ అడిగితే వచ్చే ఆర్డరు రాదేమోనన్న భయం ఉన్నవాడు ఆ మాట గట్టిగా చెప్పలేడు. 2023 ఆర్థిక చట్టం ఈ బలహీనతను మరో వైపునుంచి ఎదుర్కొన్నది. ఆదాయపు పన్ను చట్టంలో 43బి సెక్షనుకు చేర్చిన నిబంధన ప్రకారం, సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోపు చెల్లించని మొత్తం అసలు చెల్లించిన సంవత్సరంలోనే ఖర్చుగా చెల్లుతుంది. దీనితో జాప్యం కొనుగోలుదారుకే భారమైంది.

8. ముగింపు:

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి.

- సంబంధిత పక్షాల వెల్లడి కార్యాలయంలోని రిజిస్టరు నుంచి బహిరంగ నివేదికలోకి వచ్చింది. చిన్న సరఫరాదారుల వెల్లడిలో పేర్లు మాత్రం బహిరంగ నివేదిక నుంచి ప్రభుత్వ దస్త్రంలోకి వెళ్లాయి.

- రెండు వెల్లడులూ నిర్వచనాల మీద, స్వయంప్రకటన మీద ఆధారపడి ఉన్నాయి. తాను అయినవాడినని దగ్గరివాడు చెప్పాలి. తాను చిన్నవాడినని సరఫరాదారు చెప్పాలి. మొదటివాడికి చెప్పకపోవడంలో లాభం ఉంది. రెండవవాడికి చెప్పడంలో భయం ఉంది.

- బంధుత్వ నిర్వచనాలు ఈ నేల కుటుంబ వ్యవస్థను పాక్షికంగానే ప్రతిబింబిస్తున్నాయి. తెలుగు ప్రాంతాల కుటుంబ వ్యాపారాలపై జరిగే పరిశోధన చట్టం చెప్పే వరసలతో పాటు వాడుకలోని వరసలను కూడా పరిగణించవలసి ఉంది.

ఒక కంపెనీ నివేదికలో ఈ రెండు గమనికలను పక్కపక్కన పెట్టి చదివితే, ఆ సంవత్సరం ఎవరికి వెంటనే సొమ్ము ముట్టిందో, ఎవరు వేచి ఉన్నారో కొంతైనా తెలుస్తుంది. సరఫరాదారుల బాకీలను కూడా రోజుల లెక్కలో చూపిన నాడు ఆ చదువు పూర్తవుతుంది.