దేవి పెట్టిన ఆన, వేడ్ఛీ నిలిపిన మాట

సూరత్‌లో మత్తు మీద పోరాటం అనగానే పోలీసువారి ‘నో డ్రగ్స్ ఇన్ సూరత్ సిటీ’ బోర్డులే కళ్లముందు మెదులుతాయి. లింబాయత్ గల్లీల్లో పవర్‌లూమ్‌ల మధ్య బతికే మన తెలుగువాళ్లలో చాలామందికి ఈ జిల్లాకున్న పాత చరిత్ర తెలియదు. వందేళ్ల కిందట ఇక్కడి ఆదివాసులు ఏ సర్కారూ చెప్పకుండానే ఊళ్లకు ఊళ్లు సారా మానేశారు. ఆ కదలిక వెనకే వచ్చిన వేడ్ఛీ ఆశ్రమం 2024లో నూరేళ్లు నింపుకుంది. మన ప్రత్యేక సంచికలో దాని కథకు చోటివ్వడం న్యాయమని నా నమ్మకం.

1922 నవంబరు 9. జిల్లా తూర్పున ఖాన్‌పూర్ దగ్గర ఒక పొలంలో ఆరు ఊళ్ల జనం, దాదాపు రెండువేల మంది పోగయ్యారు. ఆకుల పందిరి కింద కూర్చున్న కొందరికి పూనకం వచ్చింది. తలలు ఊపుతూ, చేతిలోని ఎర్రగుడ్డల మీద రాసి ఉన్నది చదువుతున్నట్టుగా సలాబాయి దేవి మాట వినిపించారు. సారా, కల్లు ముట్టొద్దు. మాంసం, చేపలు మానేయాలి. మగవాళ్లు రోజుకు రెండుసార్లు, ఆడవాళ్లు మూడుసార్లు స్నానం చేయాలి. పారసీలతో ఏ సంబంధమూ పెట్టుకోవద్దు. అదయ్యాక అందరూ కలిసి భోంచేశారు. మన జాతరల్లో శివసత్తుల పూనకం చూసి పెరిగినవాళ్లకు ఆ పందిరి పరాయిదిగా తోచదు.

పాల్‌ఘర్ తీరంలోని బెస్తల దగ్గర మొదలైన ఈ దేవి కొండలెక్కి, ఊరి నుంచి ఊరికి సాగుతూ సూరత్ జిల్లా చేరింది. చరిత్రకారుడు డేవిడ్ హార్డిమన్ దీని మీద ఒక పుస్తకమే రాశాడు.

పారసీల మీద అంత కోపం ఎందుకో తెలియాలంటే ఆబ్కారీ చట్టం దగ్గరికి పోవాలి. అంతకుముందు ఆదివాసులు ఇప్పపూలు ఏరుకుని ఎవరి సారా వాళ్లే కాచుకునేవాళ్లు. 1878 బొంబాయి ఆబ్కారీ చట్టం దాన్ని నేరం చేసింది. 1892లో వచ్చిన ఇంకో చట్టం ఇప్పపూల మీదే ఆంక్షలు పెట్టింది. ఇక సర్కారు లైసెన్సున్న దుకాణంలో సుంకం కట్టిన సారా కొనుక్కోవాల్సిందే. ఇక్కడ ఆ లైసెన్సులు ఎక్కువగా పారసీ వ్యాపారుల చేతిలో ఉండేవి. దుకాణంలో ఖాతా పెరిగేది, అప్పు కింద భూమి పోయేది, పోయిన భూమిలోనే కూలికి దిగాల్సి వచ్చేది. కూలి కింద సారా పోసిన చోట్లూ ఉన్నాయి. తాగుబోతుతనం ఆదివాసుల రక్తంలోనే ఉందని పెద్దకులాలవాళ్లు అనుకునేవాళ్లు. అది ఎంత అన్యాయమైన మాటో ఆ ఖాతా పుస్తకాలను అడిగితే తెలుస్తుంది. అందుకే దేవి ఆన వినగానే వాళ్లు సారా ఒక్కటే మానలేదు, సారా అమ్మే ఆసాముల పొలాల్లో పనీ మానేశారు. నా దృష్టిలో ఆ ఉద్యమానికి ప్రాణం అదే.

గాంధీజీ అప్పుడు యరవాడ జైల్లో ఉన్నారు. బార్డోలీ ప్రాంతంలో కున్వర్జీ మెహతా వంటి కాంగ్రెస్ కార్యకర్తలు ఈ కదలికను పట్టించుకున్నారు. త్వరలోనే పూనకంలో ఖద్దరు మాట, గాంధీ పేరు వినిపించసాగాయి. 1923 జనవరిలో శేఖ్‌పూర్‌లో వల్లభ్‌భాయ్ పటేల్ అధ్యక్షతన ఆదివాసుల మహాసభ జరిగింది.

పూనకం ఎల్లకాలం ఉండదు కదా. కొన్నాళ్లకు ఊళ్లు రెండుగా చీలాయి. మానేస్తామన్న మాట మీద నిలిచినవాళ్లు ‘వర్జేలా’, మళ్లీ తాగుడులోకి పోయినవాళ్లు ‘సర్జేలా’. ఒకే ఇంట్లో అన్నదమ్ములు చెరోవైపు ఉంటే ఆ ఇల్లాలి బాధ ఎంతటిదో! ఒట్టు వేయించడం ఒక ఎత్తు, వేసినవాడి పక్కన ఏళ్ల తరబడి నిలబడడం ఇంకో ఎత్తు. ఆ రెండో పనికి పూనుకుంది వేడ్ఛీ. 1924లో చునీలాల్ మెహతా అక్కడ ఆశ్రమం పెట్టాడు. రాట్నం నేర్పారు, చదువు చెప్పారు. తరవాత వచ్చిన జుగత్‌రామ్ దవే 1985లో కన్నుమూసేదాకా ఆదివాసీ పిల్లల చదువునే తన బతుకు చేసుకున్నాడు. ఆ ఊరు ఇప్పుడు సూరత్ నుంచి విడివడిన తాపీ జిల్లాలో ఉంది.

మనవైపు ఇలాంటిది జరగలేదా అంటే, నెల్లూరు జిల్లా దూబగుంట ఉంది. అక్కడ పూనకం లేదు, అక్షరాస్యత తరగతులున్నాయి. రాత్రిబడిలో కూర్చున్న ఆడవాళ్లు తమ బతుకు గురించి మాట్లాడుకుని, లేచి వెళ్లి సారా దుకాణం మూయించారు. 1992లో ఆ కదలిక జిల్లాను, రాష్ట్రాన్ని ఊపింది. సారా వేలంపాటలు ఆగాయి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. 1997లో అది సడలిపోయింది. గుజరాత్‌లోనేమో రాష్ట్రం ఏర్పడిన నాటి నుంచీ నిషేధమే. అయినా 2009లో అహ్మదాబాద్‌లో కల్తీసారా వందమందికి పైగా ప్రాణాలు తీసింది.

చట్టం ఉండాలి, పోలీసులూ ఉండాలి. కానీ పన్నెండు గంటల షిఫ్టు చేసి, చెవుల్లో మగ్గం మోత తగ్గకముందే ఎండీ అనే మత్తుమందు పొట్లం చేతికందే కుర్రవాడి దగ్గరికి ముందు చేరాల్సింది గల్లీవాళ్లే. మన పద్మశాలీ కుటుంబాలకు కులపెద్దల సభ ఉంది, బతుకమ్మకు ఒకచోట చేరే ఆడవాళ్లున్నారు. ఆ ఆడవాళ్లకు ఆ సభలో చోటివ్వాలి. మానాలనుకున్న కుర్రవాడి పేరు బయటపడకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే బాధ్యతా, కోలుకున్నాక వాడికి మళ్లీ మగ్గం మీద పని ఇప్పించే బాధ్యతా ఈ ఏడాదే మనం నెత్తికెత్తుకోవాలని పెద్దలను అడుగుతున్నాను.