నాగార్జునకొండనుండి ఘంటసాలవఱకు

చరిత్ర యనగా రాజుల గెలుపోటముల పట్టిక యని మనలో బెక్కురు తలంతురు. కృష్ణాతీరమందలి బౌద్ధస్థలములను వరుసగా జూచినవారి కీ తలంపు నిలువదు.

నాగార్జునకొండ, అమరావతి, భట్టిప్రోలు, ఘంటసాల: వీనిని మనము వేర్వేఱు శిథిలములుగా నెన్నుచున్నాము. నిజమున కివి యొక్క నదీమార్గమందలి మజిలీలు. ఆ మార్గము సముద్రమును సమీపించుచోట ఘంటసాల యున్నది. క్రీ. శ. 2వ శతాబ్దపు యవన భూగోళవేత్త టాలెమీ పేర్కొనిన కంటకోస్సిల యను వర్తకస్థాన మిదియే యని చరిత్రకారుల మతము.

ఈ స్థలముల సంబంధమునకు నాగార్జునకొండ శాసన మొకటి సాక్ష్యము. ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని 14వ రాజ్యవర్షమున బోధిసిరి యను నుపాసిక యచటి చిన్నగుట్టపై సింహళాచార్యులకై చైత్యగృహము గట్టించెను. దూరమున నున్న కంటకసెల మహాచైత్యపు తూర్పుద్వారమున శిలామండపము నిర్మింపజేసినదియు నామెయే. ఆమె రాణి కాదు; గృహస్థుల యింటి స్త్రీ.

అమరావతి శాసనము మఱింత యాలోచింపదగినది. చర్మకారుడగు విధికుడు తన తల్లితోను, భార్యతోను, సోదరులతోను, బిడ్డలతోను గూడి పూర్ణఘట శిలాఫలకము నర్పించెనని యందు గలదు. తరువాతి కాలమున నే వృత్తివారిని మనము గుడివాకిటనే నిలిపితిమో, ఆ వృత్తివాని పేరు మహాస్తూపమున జెక్కబడినది. అంటరానితనము సనాతన మని వాదించువారు దీనికేమి సమాధానము చెప్పెదరు?

ఇట్టి సాక్ష్యములను మనమే పోగొట్టుకొంటిమి. 1797లో కోలిన్ మెకంజీ దొర వచ్చి చూచునప్పటికే స్థానికులు స్తూపపు టిటుకలను, ఱాళ్లను గట్టడములకై త్రవ్వుకొని పోవుచుండిరి. పెక్కు పలకలు సున్నముగా గాలిపోయినవి. మిగిలినవానిలో ననేకములు చెన్నపట్టణపు, లండను నగరపు ప్రదర్శనశాలల జేరినవి. నాగార్జునకొండ లోయను 1954 మొదలు 1960 వఱకు బరిశోధించి, కొన్ని కట్టడములను కొండపైని, అనుపునందును మరల నిలిపిరి. లోయ సాగరజలములలో మునిగినది. ఆ జలము పొలములకు బ్రాణమైనది గనుక దానిని నిందింపరాదు. దక్కినదానిని గాపాడుకొనుట మాత్రము మన విధి.

కావున నీ స్థలములను గలుపుచు నొక యాత్రామార్గ మేర్పడవలెను. ప్రతిచోట శాసనార్థమును దేటతెలుగున వ్రాసి నిలుపవలెను. ఉపాధ్యాయులు బాలబాలికలను దోడ్కొని పోవలెను. 2028లో కృష్ణాపుష్కరములకు బోవు గృహస్థులు స్నానముతో దృప్తిపడక, బోధిసిరి పేరును, విధికుని పేరును దమ బిడ్డలకు జెప్పుదురుగాక. ఆ పేళ్లను వినిన బిడ్డ పొరుగువానిని వాకిట నిలుపుటకు సంకోచించును.