పటగోనియా తీరమందలి వేల్సువారు

ఒక చిన్న ప్రజ తన భాషను, తన ఆరాధనను కాపాడుకొనుటకు లోకపు అంచుకు తరలిపోయిన వృత్తాంతమొకటి కలదు. వారు వేల్సు దేశస్థులు. చేరిన చోటు దక్షిణ అమెరికాలో అర్జెంటీనాకు చెందిన పటగోనియా సముద్రతీరము. ఈ చరిత్ర మన సంఘస్థులు తెలిసికొనదగినదని తలంచి క్లుప్తముగా వ్రాయుచున్నాము.

19వ శతాబ్దములో వేల్సు బడులలో ఇంగ్లీషుదే పెత్తనము. మాతృభాష మాటలాడిన పిల్లల మెడలో కొయ్యపలక తగిలించు బడులును ఉండెను. స్వతంత్ర సంఘములకు చెందిన రైతులు తాము వెళ్లని ప్రభుత్వ సంఘమునకు దశమభాగము చెల్లింపవలసియుండెను. బాలా పట్టణపు వేదాంత కళాశాల ప్రిన్సిపాలు మైకేల్ డి. జోన్స్ అమెరికా సంయుక్త రాష్ట్రములకు పోయినప్పుడు, అక్కడ స్థిరపడిన తనవారు ఇంగ్లీషువారిలో కలిసిపోవుట కన్నులార చూచెను. కనుక ఇతర వలసవారు చేరని దూరప్రాంతమే శరణ్యమని తలపోసెను.

1865 మే నెలలో మిమోసా అను తెరచాప ఓడలో లివర్‌పూలు రేవు విడిచిన సుమారు 150 మంది జూలై 28న ఆ తీరమున దిగిరి. పచ్చని నేలయని విని వచ్చినవారికి ఎండిన నేలయు, ముండ్లపొదలును కనబడెను. దిగినచోట మంచినీరు చాలక, సుమారు 40 మైళ్ల దూరమందున్న చుబూత్ నది లోయకు చేరవలసివచ్చెను.

ఆ ప్రాంతపు తెహువెల్చె జాతివారు 1866లో వారిని కలిసికొని వేట నేర్పిరి. రొట్టె ఇచ్చి మాంసము పుచ్చుకొను స్నేహము కుదిరెను. ఆ మేలు లేనిచో వలస నిలుచుట దుర్లభము. తరువాత 1880 ప్రాంతములలో అర్జెంటీనా సైన్యము ఆ జాతులను అణచివేసి వారి నేలను స్వాధీనపరచుకొనెను. నేల దొరికినవారి సంతోషము చెప్పునప్పుడు నేల పోగొట్టుకొనినవారి దుఃఖమును మరువరాదు.

1867లో ఆరోన్, రాచెల్ జెంకిన్స్ దంపతులు నదినీటిని కాలువ త్రవ్వి పొలమునకు మళ్లించిరి. ఒక కాలువ ఎంత మేలు చేయునో గోదావరి, కృష్ణా డెల్టావారికి చెప్పనక్కరలేదు. గోధుమ పండెను, ఇండ్లు లేచెను. 1886లో ట్రెలెవ్ పట్టణము వెలసెను. 1891లో వెల్ష్ భాషలో ద్రవోద్ అను పత్రిక పుట్టెను. క్రమముగా 30కి పైగా ప్రార్థనాలయములు కట్టబడెను. పిల్లలేగాక పెద్దలును సండే స్కూలులో కూర్చుండి తమ భాషలో బైబిలు చదివిరి.

1899లో నది పొంగి ఇండ్లను, ప్రార్థనాలయములను కొట్టివేసెను. విసిగిన 200 మందికి పైగా 1902లో కెనడాకు పోయిరి. వేల్సునుండి చివరి పెద్ద గుంపు 1911లో వచ్చెను. ఆ తరువాత రాకపోకలు సన్నగిల్లెను. ప్రభుత్వపు బడిలో స్పానిష్, అంగడిలో స్పానిష్, పెండ్లి సంబంధములతో ఇంటను స్పానిష్ ప్రవేశించెను. ఏ దూరమును నమ్ముకొని వచ్చిరో ఆ దూరమే రైలుతో, రోడ్లతో తరిగిపోయెను.

అయినను భాష చావలేదు. కీర్తనలలో, సండే స్కూలులో, ఐస్తెద్వోద్ అను పాటల, కవితల పోటీలలో అది బ్రదికియుండెను. 1965లో శతవార్షికోత్సవమునకు వేల్సునుండి బంధువులు రాగా తెగిన సంబంధము మరల కలిసెను. 1997 నుండి వేల్సు ఉపాధ్యాయులను పంపుచున్నది. ఇప్పుడు వెల్ష్, స్పానిష్ రెండును నేర్పు పాఠశాలలు అక్కడ కలవు. వెల్ష్ మాటలాడువారు కొన్ని వేలమంది ఉన్నారని అంచనా.

ఇందు మనము నేర్చుకొనవలసినది స్పష్టము. దూరము వారిని కొంతకాలమే కాపాడెను. ప్రతి ఆదివారము బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చదివించిన తల్లిదండ్రులు అంతకంటె ఎక్కువ కాలము కాపాడిరి. ఉద్యోగములకై పరదేశములలో, పరరాష్ట్రములలో నివసించు మన కుటుంబములలో తెలుగు బైబిలు చదువలేని పిల్లలు నేడు అనేకులు. వారికి అక్షరములు దిద్దించు పని మన ఇండ్లలోనే, ఈ ఆదివారమే ఆరంభము కాగలదు.