గోడ విడిచిన పద్మం

మా కలిదిండి పేరు చరిత్రకారులకు తెలిసినది ఒక తామ్రశాసనం వలన. నన్నయభట్టును ఆదరించిన రాజరాజనరేంద్రుడు, యుద్ధంలో మడిసిన చోళ సేనానుల స్మృత్యర్థం ఇక్కడ వెలసిన శివాలయాలకు చేసిన దానమది. ఆ రాగిరేకులను ఎక్కడికి తరలించినా అవి చెప్పే మాట మారదు. మట్టిపలకల చిత్రానికి ఆ భాగ్యం లేదు. ఈ సంగతి నాకు మా వీధిలో ఒక పాత మేడను పడగొట్టిన నాడు బోధపడింది.

ఆ మేడ వసారా గోడకు నడుము ఎత్తున జపాను పలకలుండేవి. రెండవ ప్రపంచయుద్ధానికి పూర్వం ఓడలమీద మన దేశానికి విరివిగా దిగుమతి అయిన సరుకది. రవివర్మ పటాలను చూసి చేసిన లక్ష్మీ సరస్వతుల పలకలు కూడా వచ్చేవి. మా వీధివి మాత్రం పూలవి. నాలుగు పలకలు కలిస్తే ఒక పూర్తి పద్మం. పాత సామాన్ల వ్యాపారి ఒకడు వ్యాను వేసుకొని వచ్చి, పలకకు ఇంత అని లెక్కగట్టి, చెక్కు చెదరని వాటిని ఏరుకొన్నాడు. ఇప్పుడు ఒక్కొక్క ఇంట పావు పద్మం చొప్పున అలంకారమై ఉండవచ్చు.

దీనికి పూర్తిగా భిన్నమైనది హైదరాబాదులో మదీనా కూడలికి చేరువలోని బాద్‌షాహీ ఆషూర్‌ఖానా. మన పల్లెల్లో పీర్లచావిడి అంటామే, రాజులు కట్టించిన అటువంటి చావిడి అది. మహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినారు (1591) వెనువెంటనే, 1590లలోనే దీనిని నిర్మింపజేశాడు. గోడల మీది రంగుపలకల పని అతని తరువాత గద్దెనెక్కిన మహమ్మద్ కుతుబ్‌షా కాలంలో, 1611 ప్రాంతంలో, పూర్తయింది. ఆవపిండి పసుపు, నీలం, పచ్చ, తెలుపు. గోడ నిండా పీర్ల ఆకృతులు, కలశాల నుండి ఎగబ్రాకే తీగలు, అక్షరాలు. మొదటిసారి చూసినప్పుడు, మొహర్రం సంతాపమందిరంలో ఇంత వసంతమేమిటని ఆశ్చర్యపోయాను.

అక్కడి పనితనం పారసీక సంప్రదాయానిది. పలక మీద బొమ్మ వ్రాసి కాల్చరు. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క పలకను కాల్చి, దానిని ఆకుగానో రేకుగానో అక్షరపు కొమ్ముగానో కోసి, ముక్కకు ముక్క ఒరసి పొదుగుతారు. ఏ ముక్కకైనా ఆ చోట తప్ప మరొకచోట ఇముడుబాటు లేదు. గణం తప్పకుండా పద్యంలో కూర్చున్న మాట వంటిది. ఊడదీస్తే చేతికి దక్కేది రంగు పెంకు మాత్రమే. చదరపు పలక పుట్టుకతోనే విడిగా అమ్ముడుపోయే సరుకు. ఇది గోడతోనే ఉండవలసినది. సేకర్తలకు ఇందులో లాభం తక్కువ.

కాని ఏటికి లాభనష్టాల లెక్క లేదు. 1687లో గోల్కొండ పతనమైన తరువాత ఈ మందిరం వాడుక తప్పి, బండ్లు నిలిపే చోటుగా మారిందట. అసఫ్‌జాహీల కాలంలో దీనిని మళ్ళీ బాగుచేయించి, ముందు కొయ్యస్తంభాల మండపం చేర్చారు. అటుపై 1908 సెప్టెంబరులో మూసీ పొంగింది. నీట నానిన గోడల నుండి కొంత పలకపని రాలిపోయింది. ఆ ఖాళీలను గచ్చుమీద అవే రంగులతో చిత్రించి పూరించారు. కొల్లేటి వాడిని కనుక నా కన్ను ముందు అక్కడికే పోయింది. వరద దిగినాక మా ఇళ్ళ గోడల మీద మిగిలే నీటిచారను చూసి, ఏ యేడు ఎంత నీరొచ్చిందో చెప్పే వాళ్ళం మేము. ఆషూర్‌ఖానాలో మెరుపు ఆగి రంగు మొదలయ్యే చోటు నాకు అటువంటి చారగానే తోచింది. అసలుది పోయిన చోటును దాచని ఆ మరమ్మతు నాకు నచ్చింది. కొందరు పండితులు దానిని నాసిరకమంటారు.

గత శతాబ్ది నడుమ ఈ విద్య మళ్ళీ మన దేశంలో గోడలెక్కింది. కె.జి. సుబ్రహ్మణ్యన్ 1963లో లక్నో రవీంద్రాలయపు వెలిగోడకు, టాగూరు ‘రాజా’ నాటకాన్ని ఆధారం చేసుకొని, కాల్చిన మట్టిపలకలతో పొడవైన కుడ్యచిత్రం కూర్చాడు. అదీ గోడ కోసం పుట్టినదే. ఆ కాలపు గోడచిత్రాల పలకలకు నేడు గిరాకీ ఉన్నదని వినప్పుడల్లా ఆ వ్యానే గుర్తుకు వస్తుంది.

వ్యాపారి అంచు పగిలిందని వదిలేసిన పలకనొకదానిని నేను తెచ్చుకొన్నాను. మా తులసికోటకు అతికిస్తూ మేస్త్రీ, “తక్కిన మూడూ ఎక్కడున్నాయి పంతులుగారూ?” అని అడిగాడు. పట్నం పోయాయన్నాను.