కట్టెల పొయ్యి ఫ్యాను

కెనడా వంటి చలిదేశాల్లో గదిని వెచ్చబరిచే ఇనుప పొయ్యి మీద పెట్టే చిన్న ఫ్యాను ఇది. దీనికి కరెంటు అక్కర్లేదు. అడుగు కాగి, పైనున్న అల్యూమినియం పలకలు చల్లగా ఉంటే చాలు, నడుమనున్న పలుచటి బిళ్లలో విద్యుత్తు పుట్టి మోటారు తిరుగుతుంది. 1821లో థామస్ సీబెక్ గమనించిన ప్రభావమే దీనికి ఆధారం.

కొనేముందు చూడాల్సింది రెక్కలెన్నన్నది కాదు, పొయ్యి పైభాగం ఎంత కాగుతుందన్నది. అయస్కాంతంతో అతుక్కునే థర్మామీటరు పెట్టి చూస్తే తెలిసిపోతుంది. జంట గోడల పొయ్యిల పైభాగం కొన్నిసార్లు ఫ్యాను తిరిగేంత వేడెక్కదు. మరీ కాగితే బిళ్ల పాడవుతుంది. అందుకే అడుగున రెండు లోహాల పట్టీ ఉన్నదే తీసుకోవాలి. వేడి మించినప్పుడు అది వంగి ఫ్యానును ఒకవైపు కాస్త పైకి లేపుతుంది. బిళ్ల లేకుండా, వేడితోనే నడిచే స్టిర్లింగ్ ఇంజనుతో తిరిగేవీ ఉన్నాయి.

ఫ్యానును పొయ్యి మీద వెనక అంచున ఉంచాలి, వెనకనుంచి చల్లగాలి అందాలి గనక.