ఇంద్రవెల్లి కాల్పులు

ఇంద్రవెల్లి కాల్పులు 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాదు జిల్లా ఇంద్రవెల్లిలో జరిగినవి. భూమి హక్కుల కోసం సభ జరుపుకొనుటకు వచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు. స్వాతంత్ర్యానంతరం తెలుగునాట ప్రజలపై జరిగిన పోలీసు కాల్పులలో ఇది మిక్కిలి ఘోరమైనదిగా పరిగణింపబడుచున్నది. 1919 నాటి జలియన్‌వాలా బాగ్ ఉదంతముతో దీనిని పోల్చుట పరిపాటి. అయితే అక్కడ కాల్పులు జరిపించినది పరాయి ప్రభుత్వము. ఇక్కడ ఆ మాట చెప్పుటకు వీలులేదు.

నేపథ్యము

1940లో జోడేఘాట్ వద్ద కొమరం భీమ్ నిజాం పోలీసుల కాల్పులలో మరణించిన తరువాత, ఆ తిరుగుబాటుకు కారణాలు తెలుసుకొనుటకు నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను నియమించినది. ఆయన కృషి వలన చాలామంది గోండులకు భూమి పట్టాలు లభించాయి. కాని తరువాతి దశాబ్దాలలో మైదాన ప్రాంతాల నుండి, మహారాష్ట్ర నుండి వలసదారులు పెద్ద సంఖ్యలో వచ్చి చేరారు. అప్పు పత్రాలపై వేలిముద్రలు వేసిన గిరిజనుల భూములు క్రమంగా షావుకార్ల పరమైనాయి. ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధించిన 1959 నాటి నిబంధనను 1970లో సవరించి (1/70 చట్టం) మరింత కఠినం చేసినప్పటికీ, అమలు అంతంత మాత్రమే. మరొక వైపు తరతరాలుగా పోడు చేసుకొనుచున్న నేలను అటవీ శాఖ రిజర్వు అడవిగా ప్రకటించి, సాగుదారులను ఆక్రమణదారులుగా చూచినది. చట్టం తమ పక్షాన ఉన్నదని విన్నవారికి ఆ చట్టం పేరుతో వచ్చే గార్డు మాత్రమే కనిపించేవాడు.

సంఘటన

గిరిజన రైతు కూలీ సంఘం ఇంద్రవెల్లిలో బహిరంగ సభ ఏర్పాటు చేసినది. ఈ సంఘం వెనుక పీపుల్స్‌వార్ ఉన్నదన్నది ప్రభుత్వ అభ్యంతరము. మొదట ఇచ్చిన అనుమతిని తరువాత రద్దు చేసి, 144వ సెక్షను విధించారు. అయితే ఈ సంగతి మారుమూల గూడేలకు చేరలేదు. పైగా ఆ రోజు సోమవారము, ఇంద్రవెల్లి సంత రోజు. కావున సభకు వచ్చినవారు, సరుకులకు వచ్చినవారు ఒకే దారిన నడచి వచ్చారు. దారులలో వారిని నిలువరించుటకు పోలీసులు ప్రయత్నించగా ఘర్షణ మొదలై, కాల్పులకు దారితీసినది. తొలి దెబ్బ ఎవరిదన్న విషయమై కథనాలు వేరువేరుగా ఉన్నవి. అప్పుడు టి.అంజయ్య రాష్ట్ర ముఖ్యమంత్రి.

మృతుల సంఖ్య

ప్రభుత్వ లెక్క ప్రకారం మరణించిన గిరిజనులు 13 మంది. పౌరహక్కుల సంఘాల అంచనా 60కి పైగా. వందకు పైగా మరణించారని స్థానికులు చెప్పుకొందురు. గాయపడినవారిలో పలువురు అరెస్టు భయంతో ఆసుపత్రులకు పోక అడవులలోకి, గూడేలకు వెళ్లిపోవుట వలన అక్కడ మరణించినవారు ఏ లెక్కలోను చేరలేదు. సంఖ్యల మధ్య ఇంత వ్యత్యాసం ఉండుటకు ఇది ఒక ముఖ్య కారణము.

స్తూపము

మృతుల స్మారకార్థం ఇంద్రవెల్లిలో నిర్మించిన స్తూపాన్ని 1980లలో గుర్తు తెలియని వ్యక్తులు ధ్వంసం చేయగా, తిరిగి నిర్మించారు. అనేక సంవత్సరాల పాటు ప్రతి ఏప్రిల్ 20న ఇక్కడ నిషేధాజ్ఞలు విధించేవారు. సొంతవారికి పూలు పెట్టుకొనుటకు సైతం కుటుంబాలవారు పోలీసు పహరా దాటవలసి వచ్చేది. గోండుల నాగోబా జాతర జరిగే కేస్లాపూర్ ఈ మండలంలోనిదే గనుక, జాతరకు వచ్చినవారు స్తూపాన్ని కూడ దర్శించుట కద్దు. 2024 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఇంద్రవెల్లిలో స్మృతివనానికి శంకుస్థాపన చేశారు.